కుడివైపు బరువు

"ఎడమ మలుపు తిరిగితే చాలు, బండి కుడివైపు ఒరిగిపోతోంది. ఎవరో తలుపు పట్టుకుని వేలాడుతున్నట్టుంది!" ఆమె హెల్మెట్ తీసి బల్ల మీద పడేసింది.

రేసు కారు ఆమె తోలుతుంది, దాని మంచిచెడ్డలు భర్త చూస్తాడు. రెండు రోజులుగా అతను కుడి స్ప్రింగులు బిగిస్తున్నాడు, వదులు చేస్తున్నాడు. బిగిస్తే చక్రం ఎగిరిపడుతోంది, వదిలితే కారు ఒరుగుతోంది. ఇంకో గంటలో ఆఖరి అర్హత పరుగు. రెండు సెకన్లు తగ్గకపోతే ఫైనల్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

"మలుపులో కాస్త నెమ్మదిగా పోవచ్చుగా?" గొణిగాడు భర్త.

"రేసులోనా?"

ఇక లాభం లేదని షెడ్డు బయట కూర్చున్న మామగారిని పిలిచింది. నలభై ఏళ్లు కార్లకు స్ప్రింగులు కట్టిన మనిషి. తోటి మెకానిక్కులు ఆయన్ని 'తక్కెడ' అంటారు, ఊరికే కాదు.

ఆయన నాడి చూసినట్టు కారు నాలుగు మూలలా అరచేత్తో నొక్కి వదిలాడు.

"పాపం, స్ప్రింగుల్ని తిట్టకండి. కుడి తలుపులో పన్నెండు కిలోలు ఎక్కువుంది. ఎడమకి తిరిగినప్పుడు బరువంతా ఎలాగూ కుడికే పోతుంది, ఇది దానికి తోడు. విప్పండి."

భర్త తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. స్క్రూలు ఆమే విప్పింది. లోపల గుడ్డ చుట్టిన ఉక్కు పలక! తూస్తే సరిగ్గా పన్నెండు కిలోలు. అరచేత్తో తూచిన ఆ పెద్దాయన్ని చూసి పక్క షెడ్డువాళ్లు కూడా నోరెళ్లబెట్టారు.

"పోయిన నెల పల్టీ కొట్టావు కదా... నువ్వు కూర్చునే వైపు ఏదైనా గుద్దితే..." భర్త నసిగాడు. "స్ప్రింగులతో సర్దేద్దామనుకున్నా."

ఆమెకు కోపమూ, కన్నీళ్లూ ఒకేసారి వచ్చాయి. "నన్ను కాపాడదామని నా పందెం ముంచేవారే!" అంది.

స్ప్రింగులు పాత కొలతకు తెచ్చారు. ఈసారి ఎడమ మలుపులో కారు గీత గీసినట్టు తిరిగింది. మూడు సెకన్లు తగ్గాయి!

ఆమె పరుగున వచ్చి మామగారి చెయ్యి పట్టుకుంది. "మామయ్యా, ఇది చెయ్యా, తక్కెడా? ఎలా తెలిసింది మీకు?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"అరచేతికేం తెలుస్తుందమ్మా! మొన్న నేనూ ఓ పలక దాద్దామని ఆ తలుపు విప్పాను. మావాడిది అప్పటికే ఉంది. తూచి చూసి, చాల్లే అనుకుని మళ్లీ బిగించేశాను."