ఇట్లు, మీ అక్కయ్య

"మా వాషింగ్ మెషీన్ గంతులేస్తూ వంటింట్లోంచి హాల్లోకి వచ్చేస్తోంది. ఏం చేయమంటారు?"

పొద్దున్నే వచ్చిన మొదటి ఫిర్యాదు అది. అక్కయ్య మెడలో వేలాడుతున్న టేపు తీసి పక్కన పడేసి కంప్యూటర్ ముందు కూర్చుంది.

"కంగారుపడకండి. నేల ఎగుడుదిగుడుగా ఉండి ఉంటుంది. నాలుగు కాళ్ళూ సమానంగా ఆనేలా సరిచేయండి. అప్పటికీ హాల్లోకి వస్తే, టీవీకి మాత్రం అడ్డం నిలబడనివ్వకండి. ఇట్లు, మీ అక్కయ్య" అని రాసి, కింద ఫోన్ నంబరు పెట్టింది.

ఏడాదిగా ఇదే వరస. మెషీన్ మీద అచ్చేసిన ఈమెయిల్‌కు ఎవరు ఏ ఫిర్యాదు పంపినా అక్కయ్య దగ్గరికే వస్తుంది. సాక్సుల జతలో ఒక్కటే తిరిగొస్తోందని ఒకాయన గోలపెడితే మంచం కింద వెతకమంది. సాక్సులతోపాటు ఎప్పుడో పోయిన కళ్ళజోడు కూడా దొరికిందని ఆయన దండాలు పెట్టాడు. మెకానిక్‌ను పంపమని ఎవరైనా అంటే మాత్రం అక్కయ్య నెమ్మదిగా మాట మార్చేసేది.

మొట్టమొదట వచ్చిన ఫిర్యాదును ఆవిడ ఇప్పటికీ మరిచిపోలేదు. "మీ మెషీన్ నా పట్టుగౌనును పీలికలు చేసింది. మీకసలు సిగ్గుందా?" అని ఉంది అందులో. ఎన్ని క్షమాపణలు చెప్పినా ఆ రాసిన మనిషి కోపం పూర్తిగా చల్లారలేదని అక్కయ్యకు బాగా తెలుసు.

"నా చొక్కా గుండీ ఊడి నెలైంది. అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లోనా?" అన్నాడు భర్త. "ఇంత చాకిరీకి వాళ్ళు నీకు ఒరగబెట్టిందేమిటి?"

"ఒరగబెడితేనే చేస్తామా? నన్ను నమ్మి అప్పజెప్పారు."

అప్పుడే ఫోన్ మోగింది.

"అమ్మా, హెడ్డాఫీసు నుంచి సర్వర్ ఇంజనీర్‌ను. మీరు ఏ బ్రాంచిలో ఉంటారోగానీ, ఫిర్యాదులన్నీ మీ నెత్తినే పడుతున్నాయి. మెయిల్స్ ఏ అడ్రసుకు వెళ్ళాలో చెప్పే చోట ఎవరో పరీక్షకని మీ అడ్రసు కొట్టి, తీయడం మరిచారు. సాయంత్రానికి సరిచేసేస్తాను. మీకూ ఊపిరాడుతుంది."

అక్కయ్యకు ఆడుతున్న ఊపిరి కాస్తా ఆగినంత పనైంది.

"రేపటిదాకా ఆగు నాయనా! ఒకబ్బాయి భార్య స్వెట్టర్‌ను మెషీన్లో వేసి బొమ్మ స్వెట్టరంత చేశాడు. జుట్టుకు రాసే కండిషనర్ నీళ్ళలో నానబెట్టి సాగదీయిస్తున్నాను. ఇంకా చేతులే సాగాయి. ఆ పిల్ల రేపు పుట్టింటి నుంచి వచ్చేస్తుంది!"

"సెట్టింగుకు స్వెట్టరేం తెలుస్తుందమ్మా?" అని పెట్టేశాడాయన.

మర్నాటి నుంచి ఒక్క మెయిలూ లేదు. అక్కయ్యకు ఏడుపొచ్చింది. వచ్చీపోయీ ఖాళీ స్క్రీన్ తుడిచింది. భర్త చొక్కాకు గుండీ కుట్టింది. ఏం తోచక, ఊడని గుండీలు కూడా కోసి మళ్ళీ కుట్టింది.

వారం తిరక్కుండానే ఇంజనీర్ మళ్ళీ ఫోన్ చేశాడు. గొంతు నీరసంగా ఉంది.

"అమ్మా, మావాళ్ళ జవాబులు చదివి జనం మండిపడుతున్నారు. స్వెట్టరబ్బాయికి 'వినియోగదారుడి తప్పిదానికి కంపెనీ బాధ్యత వహించదు' అని రాశారట. వాళ్ళావిడ ఆ చేతుల స్వెట్టర్ తొడుక్కుని ఆఫీసుకొచ్చి కూర్చుంది. అందరిదీ ఒకటే మాట, అక్కయ్యేదీ, అక్కయ్యేదీ అని. పాత సెట్టింగే పెట్టమని ఎండీగారు ఆర్డరేశారు. బాగున్నదాన్ని చెడగొట్టమనడం నా సర్వీసులో ఇదే మొదటిసారి."

అక్కయ్య మొహం చేటంత అయింది.

"ఇంకో మాటమ్మా. మీకు ప్రమోషన్ కూడా ఇమ్మన్నారు. ఏ బ్రాంచిలో వెతికినా మీ పేరు దొరకడం లేదు. మీ ఉద్యోగి నంబరు కాస్త చెప్తారా?"

"ఉద్యోగమేమిటి నాయనా, నాది టైలరింగ్ షాపు, నా పట్టుగౌను చింపేశారని నేను మీకు పెట్టిన ఫిర్యాదు తిరిగి నాకే వస్తే, నన్నే చూసుకోమన్నారు కాబోలనుకున్నాను!"