నోటికి అడ్డం

"పాపకు నాలుగేళ్లకే ముందుపళ్లన్నీ పుచ్చిపోయాయి. ఏ పేస్టు వాడుతున్నారు?" డాక్టరమ్మ అడిగింది.

ఉమామహేశ్వర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గారపళ్లు కనబడకుండా మాట్లాడటం అతనికి చిన్నప్పటి అలవాటు.

"ఫ్లోరైడ్ పేస్టు ఇంట్లోకి రానీను మేడం. మా ఊరి బోరునీళ్లల్లో ఉండేది అదే. మా నాయన నడుము వంచేసింది. నా బిడ్డన్నా నోరారా నవ్వాలని కల్లూరుకొచ్చి క్యాను నీళ్లు తాపుతాండా."

"నీళ్లలో మోతాదు మించితే ఎముకలు పాడవుతాయి. బఠాణీ గింజంత పేస్టుతో తోమించి ఉమ్మేయిస్తే పళ్లు నిలుస్తాయి."

"మా అమ్మ తెచ్చిన పేస్టు కాలవలోకి ఇసిరేస్తివి" అంది భార్య అరుణజ్యోతి, అతని వైపు చూడకుండా.

డాక్టరమ్మ పాప చేతికి బెలూను ఇచ్చింది. నవ్వబోయిన పాప, అచ్చం నాయనలాగే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.