మూడొందల్లో తుపాకీ

“మూడొందల డాలర్లకు తుపాకీ రాదు. తుపాకీ బొమ్మున్న చొక్కా వస్తుంది,” అన్నాడు డెల్బర్ట్ క్రౌచ్, కాఫీ కప్పు గాజు బల్ల మీద పెడుతూ.

బల్లకు ఇవతల నిలబడ్డ ఎల్విన్ హస్కెట్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. బూట్ల బురద గుమ్మం దగ్గరే తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు. పొద్దున్నే నేలంతా కడిగిన రోండా అది గమనించింది. ఆ కొట్లో ఆ మాత్రం మర్యాద చూపేవాళ్లు తక్కువ.

“నా దగ్గర ఉన్నది అంతేనండీ. ఏదైనా పరవాలేదు, ఈరోజే కావాలి.”

“అంత తొందరేమిటో?”

“మా కొండవార రెండిళ్లలో దొంగలు పడ్డారు. ఆ వరసలో చివరిది నా ఇల్లే.”

డెల్బర్ట్ రోండాకు మేనమామ. కొట్టు ఆయనది, చాకిరీ ఈమెది. ఈమధ్య చేపల గాలాలు తప్ప ఏమీ అమ్ముడుపోవడం లేదు. అద్దె కట్టలేక కొట్టు మూసేస్తారని కెంటకీలో నది ఒడ్డునున్న ఆ చిన్న ఊరంతా చెప్పుకుంటోంది. అందుకే ఆయన కదలకపోయినా ఆమే అర తెరిచి, చవకలో ఉన్న మూడింటిని బల్ల మీద పరిచింది.

డెల్బర్ట్ మొదటిది వేలితో నెట్టాడు. “ఈ రివాల్వరు ఒక పోలీసుది. వాడు దీన్ని జీవితమంతా నడుముకి మోసి, ఒక్కసారీ పేల్చకుండా పింఛను తీసుకున్నాడు. వాడి బద్ధకం దీనికీ అబ్బింది. ఈ బుల్లిది ఆడవాళ్ల చేతిసంచిలోకి. నీ వేలు ఇందులో దూరితే మళ్లీ బయటికి రాదు. ఇక ఈ మూడోది పేలకపోతే దొంగ మీదకి విసరచ్చు. ఇటుకైతే ఊరికే దొరుకుతుంది.”

“మావయ్యా,” అంది రోండా పళ్ల బిగువున. ఎల్విన్ వైపు తిరిగి, “రివాల్వరు మంచిదేనండీ. మీ చేతికి సరిపోతుందో లేదో ఓసారి పట్టుకు చూడండి,” అంది.

“చూడక్కర్లేదమ్మా. అదే ఇచ్చెయ్యండి.”

“బూట్లు కొన్నా తొడిగి చూసుకుంటారు కదయ్యా,” అన్నాడు డెల్బర్ట్.

“సరిపోతుందిలెండి.”

“దొంగల భయం ఉన్నవాడికి తుపాకీ కంటే కుక్క చవక. కుక్క లేదా?”

“ఉండేది. నిన్న మా మరదలికి ఇచ్చేశాను.”

డెల్బర్ట్ కాసేపు అతన్నే చూశాడు. తర్వాత బల్ల గుద్ది పగలబడి నవ్వాడు.

“విన్నావటే రోండా? దొంగలొస్తున్నారని కుక్కని దానం చేశాడు. ఇంటి తాళంచెవి కూడా వాళ్లకి పోస్టులో పంపించెయ్యకపోయావా?”

రోండా సిగ్గుతో తల వంచుకుని, కొనేవాళ్లు నింపాల్సిన కాగితాలు తీసింది. డెల్బర్ట్ వాటిని ఆమె చేతిలోంచి లాక్కుని కప్పు కింద పెట్టాడు.

“నువ్వు ఓర్విల్ హస్కెట్ కొడుకువి కదూ?”

“అవును.”

“నాడాల ఆటలో మీ నాన్న చెయ్యి విసిరితే గుర్రపునాడా వెళ్లి నేలలో పాతిన మేకుకి దండలా పడేది. అలాంటివాడి కడుపున నువ్వెలా పుట్టావయ్యా? టోపీ పట్టుకోవడానికే నీ చెయ్యి ఊగుతోంది. ఎదురుగా ఏనుగు నిలబడ్డా నీకు తగలదు.”

ఎల్విన్ మెడ ఎర్రబడింది. “మా నాన్న ఊసెందుకు? డబ్బిస్తాను, వస్తువివ్వండి.”

“ఇవ్వను. నా సరుకు చేతకానివాళ్లకి అమ్మను. శనివారం పొద్దున్న ఫైర్ స్టేషన్ వెనక ముసలాళ్లమంతా నాడాలాడతాం. దమ్ముంటే రా. ఒక్కటంటే ఒక్కటి మేకుకి తగిలిస్తే, నేను గాడిదనని ఈ తలుపు మీద రాసి పెడతాను. రావులే. హస్కెట్ల పౌరుషం మీ నాన్నతోనే పోయింది.”

“గాడిదవని ఊళ్లో అందరికీ తెలుసు, మళ్లీ రాయడం దేనికి?” ఎల్విన్ గొంతు మొదటిసారి లేచింది. “వస్తాను. మేకుకి కాదు, నీ ముక్కుకే తగిలిస్తాను. శనివారం.”

“ఆ ముఖం శనివారం చూద్దాం.”

ఎల్విన్ విసురుగా తలుపు తోశాడు. తలుపుకి కట్టిన గంట ఇంకా ఊగుతుండగానే అతని ఆకుపచ్చ ట్రక్కు వంతెన దారి పట్టింది.

రోండా ఇక ఆగలేదు. “పేదవాడంటే నీకింత చులకనా? చేతికొచ్చిన బేరం పోగొట్టావు. ఆ మనిషిని కుక్కకంటే హీనంగా చూశావు. అమ్మకపోతే మానె, చచ్చిపోయిన తండ్రిని కూడా ఎందుకు లాగాలి?”

డెల్బర్ట్ ఫోను అందుకున్నాడు. నంబరు నొక్కడంలో రెండుసార్లు తప్పాడు. అవతలి గొంతు విని రోండా నివ్వెరపోయింది. అది నది అవతలి ఒడ్డున తుపాకులమ్మే లవెల్‌ది. ఒక పాత పడవ తగాదాలో ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు.

“నేనే, డెల్బర్ట్‌ని... తిట్లు తర్వాత తిట్టుకో. ఆకుపచ్చ ట్రక్కులో ఒకడొస్తాడు, హస్కెట్ అని. వాడికేమీ అమ్మకు. మిగతా కొట్లవాళ్లకీ చెప్పు. నువ్వూ ఈ వ్యాపారంలోనే ఉన్నావు, ఎందుకో చెప్పక్కర్లేదు.”

“సరే,” అంది అవతలి గొంతు.

“ఇంకెక్కడా దొరక్కుండా చేశావన్నమాట,” అంది రోండా. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “నీలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు. పాపం, అంత అవమానంతో ఆయన ఇంటికెలా వెళతాడు?”

డెల్బర్ట్ చల్లారిపోయిన కాఫీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

“కోపం మీదున్నవాడు శనివారం దాకా చావడు,” అన్నాడు.