పూల అద్దం ముక్క

"ఈ గోడ కొడుతున్న మనిషికి లైసెన్సు ఉందా బాబూ?"

సెల్లారు మెట్ల మీద నిలబడి అడిగాడు ముక్కూ మొహం తెలియని ముసలాయన. చంకలో గుడ్డసంచి.

అపార్ట్‌మెంటు అసోసియేషన్ ప్రెసిడెంటుకి ఒళ్ళు మండింది.

ఎందుకు మండదు? గోడ కొట్టిస్తున్నది సాక్షాత్తూ ఆయన బావమరిది. ఇంకో రెండు కార్లకి చోటు కావాలనగానే, "నేనున్నాగా బావా!" అంటూ నలుగురు కూలీలతో దిగిపోయాడు. లైసెన్సు ఏదిరా అని అడిగితే ఇంట్లో ఇల్లాలు ఊరుకుంటుందా? ఈయనకి అంత ధైర్యం ఎక్కడిది?

"అడగడానికి మీరెవరండీ?"

"ఎవరైతే ఏం లెండి. పని కాగితం మీద సంతకం పెట్టేశారా?"

"ఇరవై ఇళ్ళ తరఫున నేనే పెట్టాను. అయితే?"

ముసలాయన మొహం పాలిపోయింది.

"ఆపించండి బాబూ. మీ కాళ్ళు పట్టుకుంటాను." నిజంగానే వంగబోయాడు.

"పొద్దున్నే భలే దొరికాడు బావా!" బావమరిది పగలబడి నవ్వాడు. "వాచ్‌మన్! ఈయన్ని గేటు దాటించు."

ముసలాయన గేటు దాటలేదు. వాచ్‌మన్ కన్నుగప్పి, సరిగ్గా ఆ గోడకి పైనున్న ఫ్లాటు తలుపు తట్టాడు.

అందులో టైలరమ్మ ఉంటుంది. ఒంటరి మనిషి. ఒక గదిలో మంచం, ఒక గదిలో కుట్టుమిషను. ఆ ఇల్లే ఆమెకి కొట్టు, ఆ కొట్టే అన్నం.

"పగులా? నిన్ననే వచ్చింది బాబాయిగారూ," అంటూ మిషను వెనక గోడ చూపించింది. జానెడు పగులు.

ఆయన సంచిలోంచి వేలెడు అద్దం ముక్క తీశాడు. పాతకాలం కిటికీలకుండే పూల అద్దం. పగులుకి అడ్డంగా పెట్టి, రెండు చివర్లా సిమెంటుతో అతికించి, పక్కన పెన్సిలుతో తేదీ వేశాడు.

"ఇది పగిలితే గోడ కదులుతున్నట్టు తల్లీ. ఆ రోజున ఏదీ సర్దుకోకు. ఉన్నపళంగా బయటికి వచ్చెయ్."

మూడో రోజు టైలరమ్మ పరుగున ప్రెసిడెంటు దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, అద్దం పగిలింది!"

"అయ్యో పిచ్చి చెల్లెమ్మా! పొద్దస్తమానం మిషను టకటకలాడిస్తే పగలదూ?"

"నాకు భయంగా ఉంది అన్నయ్యా. పోదామంటే మిషను నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోను?"

"నువ్వెక్కడికీ పోనక్కర్లేదు. పూచీ నాది."

ఆ సాయంత్రమే బావమరిది వచ్చి అద్దం ముక్కని గీకి కిందికి విసిరేశాడు. పగులులో లప్పం కూరి, పైన రంగు కూడా వేశాడు. ముచ్చటగానే వేశాడు, కాదనకూడదు.

ఇంకో నాలుగు రోజులు గడిచాయో లేదో, మిట్టమధ్యాహ్నం, సెల్లారులో మిగిలిన గోడ కూర్చుండిపోయింది. పైన టైలరమ్మ గది కుంగింది. పగిలిన గోడ మిషను మీద పడింది. మిషను మీద ఆమె కుడిచెయ్యి ఉంది.

ఆ చెయ్యి ఇక సూది పట్టదన్నారు డాక్టర్లు.

బావమరిది ఫోను స్విచాఫ్. బిల్డింగంతా ఖాళీ చెయ్యమని గేటుకి నోటీసు అంటించారు. మంచాలు, బీరువాలు, పిల్లల పుస్తకాలు అన్నీ రోడ్డున పడ్డాయి.

తనిఖీకి వచ్చిన మునిసిపల్ ఆఫీసరమ్మ ముందు ప్రెసిడెంటు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"తప్పు కాంట్రాక్టరుదండీ."

"ఆయనకి లైసెన్సు ఉందా?"

"వాడు... మా బావమరిదండీ."

"లైసెన్సు లేనివాణ్ణి పెట్టుకుంటే బాధ్యత పెట్టుకున్నవాళ్ళదే. అంటే మీ అసోసియేషన్‌ది. ఇన్సూరెన్సు వాళ్ళూ ఇదే మాట చెప్పి చేతులు దులుపుకుంటారు."

"అసోసియేషన్ అంటే... నేనొక్కణ్ణేనా?"

"ఇరవై ఇళ్ళవాళ్ళూ. నష్టం తలా కొంత భరించాలి."

"మరి టైలరమ్మ?"

"ఆవిడదీ సొంత ఫ్లాటేగా? తన చెయ్యి పోయినందుకు తనూ వాటా కట్టాలి."

ప్రెసిడెంటు మెట్టు మీద కూలబడిపోయాడు. పూచీ నాదని ఆ పిచ్చితల్లికి చెప్పింది ఈ నోటితోనే.

ఆఫీసరమ్మ ఇటుకల కుప్ప పక్కన వంగి ఏదో తీసింది. సిమెంటు అంటుకున్న పూల అద్దం ముక్క.

"అయ్యో! ఇక్కడికీ వచ్చాడా పెద్దాయన?"

"ఆయన మీకు తెలుసా? ఎక్కడుంటారండీ? ఒక్కసారి వెళ్ళి కాళ్ళ మీద పడతాను."

"ఇంకెక్కడ! పోయి నాలుగు రోజులైంది. రోజూ మా ఆఫీసు బల్ల మీద కూర్చునేవాడు. ఏ బిల్డింగులో పని జరుగుతోందో కనుక్కుని సంచి పట్టుకుని బయల్దేరేవాడు. ఎక్కడికెళ్ళినా గెంటేసేవాళ్ళే."

"పెద్ద ఇంజనీరై ఉంటారు కదండీ?"

"కాదు." ఆమె అద్దం ముక్కని కొంగుతో తుడిచింది. "తొమ్మిదేళ్ళ కిందట ఓ అపార్ట్‌మెంటు కూలింది. ఈ అద్దాలు దాని కిటికీలవి. పదకొండు మంది పోయారు, ఆయన భార్యతో సహా."

ప్రెసిడెంటు తలెత్తాడు.

"లైసెన్సు అడక్కుండా వాళ్ళందరి తరఫునా సంతకం పెట్టిన ప్రెసిడెంటు ఆయనే."