పిల్లాడి రంగు

“పరీక్ష చెయ్యిండ్రి మేడమ్. వీడు నా కొడుకా కాదా, ఇయ్యాల తేలిపోవాలె.”

భర్త ఆకాశ్ ఆ మాట అనేసరికి లతకు తల కొట్టేసినట్టయింది. పది నెలల బాబు ఆమె భుజం మీద వాలి ఉన్నాడు. మేడ్చల్‌లోని ఆ చిన్న క్లినిక్‌లో మిగతా తల్లులంతా ఇటే చూస్తున్నారు.

డాక్టర్ జాస్మిన్ కళ్లజోడు తీసింది. “ఎందుకొచ్చిందయ్యా అనుమానం?”

“కండ్లకు కనిపిస్తలేదా మేడమ్?” ఆకాశ్ తల్లి శంకరమ్మ అందుకుంది. శామీర్‌పేట చెరువు దగ్గర చేపలమ్మే మనిషి, మెల్లగా మాట్లాడటం ఆమెకు చేతకాదు. “నా కొడుకు నలుపు. ఇది ఇంకా నలుపు. వీడేమో నెలనెలకు తెల్లగైతుండు. చేపలు కొననీకొచ్చినోళ్లు గూడ నవ్వుతుండ్రు.”

లోకుల నోటికి మూత పెట్టలేం, సరే. ఇంట్లోవాళ్ల నోటికైనా ఉండొద్దా!

“నాకే పాపం తెల్వదు మేడమ్,” అన్నది లత. “ఇయ్యాల తేలకపోతే నన్ను తల్లిగారింటికి తోలేస్తరంట. పిలగాణ్ని ఎత్తుకొని నేనేడికి పోవాలె?”

“పుట్టినప్పుడూ ఇదే రంగా?”

“లేదు మేడమ్. అచ్చం ఈయన లెక్కనే ఉండె.”

“పుట్టు రంగు నిలుస్తదా!” శంకరమ్మ కొట్టిపారేసింది.

డాక్టర్ బాబు ముందు చిటికె వేసింది. వాడు ఓసారి కళ్లు తెరిచి మళ్లీ తల వాల్చేశాడు.

“ఎప్పుడూ ఇంతేనా?”

“మస్తు బుద్ధిమంతుడు మేడమ్. ఏడ్వడు, సతాయించడు.” అంత దుఃఖంలోనూ లతకు కొడుకు మీద గర్వమే.

“ఏం తింటున్నాడు?”

“నా పాలే. అన్నం పెడితే ఉమ్ముతడు.”

“ఐరన్ చుక్కలు వేస్తున్నారా?”

“ఆశా వర్కరక్క ఇచ్చింది. ఏస్తే దొడ్డికి నల్లగ పోయిండు. లోపల ఏమైందోనని భయమై బంద్ జేసినం.”

ఆకాశ్‌కు ఓపిక నశించింది. “గా ముచ్చటంత ఎందుకు మేడమ్? పరీక్ష జేస్తరా, చెయ్యరా?”

డాక్టర్ వంగి, బాబు కింది కనురెప్పను వేలితో మెల్లగా లాగి చూసింది. అరచేయి విప్పి చూసింది. గుండెకు స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది. వింటున్నకొద్దీ ఆమె ముఖం బిగుసుకుపోయింది.

“బయట ఆటో ఉంటే ఆపండి. ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.”

లత బాబును గబగబా భుజానికెత్తుకుంది. శంకరమ్మ మాత్రం కొడుకు వంక చూసి, నే చెప్పలే అన్నట్టు తలాడించింది.

“గా పరీక్షకేనా మేడమ్?” అడిగాడు ఆకాశ్.

“వీడిది తెలుపు కాదయ్యా, ఒంట్లో రక్తం లేదు.”