నారింజల కొంపలో కేక

ఆ కేకకు మరిసెలా చేతిలోని రబ్బరు కత్తి జారి కింద పడింది.

భయపెట్టాల్సింది తను. నారింజ పెట్టెల వెనక నుంచి దూకిందీ తనే. కానీ ఎదుట నిలబడ్డ ముసలావిడ అరుపుకు తన గుండే ఝల్లుమంది.

"అమ్మ బాబోయ్!" అన్నాడు పక్క పెట్టెలో శవంలా పడుకున్న రమీరో, ఆవిడ దాటిపోయాక. "ఇంతకీ దెయ్యం నువ్వా, ఆవిడా?"

"నోర్ముయ్. శవానివి."

హాలోవీన్ రోజులొస్తే లాస్ ఏంజెలస్ శివార్లలోని ఆ వినోదాల పార్కులో దెయ్యాల కొంపలు వెలుస్తాయి. లోపల మెలికల దారి, మలుపు మలుపుకూ ఒక భయం. వీళ్ళది పార్కువాళ్ళు సొంతంగా అల్లుకున్న కథ. మొగుడు పోయినా నారింజల షెడ్డు వదలని ఒక ముసల్ది, వచ్చినవాళ్ళను పండు కోసినట్టు కోస్తుంది. ఆ ముసల్ది వేషం మరిసెలాది.

చెక్క గోడకు అవతల సినిమా కొంప. పాత దెయ్యం సినిమాలోని ఇంటిని అచ్చుగుద్దినట్టు కట్టారు. ఆ సినిమాలో హీరోయిన్ మెట్ల మీద పెట్టే కేక తెలియనివాళ్ళు ఈ దేశంలో లేరు. లోపల స్పీకర్లలో అదే కేక. అది వినడానికే జనం గంటలకొద్దీ నిలబడతారు.

వీళ్ళ వాకిట్లో మాత్రం ఈగలు తోలుకోవడమే.

"ఈ వారం కూడా ఇలాగే ఉంటే మన కొంప మూసేస్తారట," అన్నాడు సూపర్‌వైజర్ కర్టిస్. "అది అందరికీ తెలిసిన సినిమా. మన ముసల్ది ఎవరికి తెలుసు చెప్పు?"

మరిసెలాకు ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో ఇంకా పాకడం కూడా రాని పాప. ఈ పనీ పోతే?

మర్నాడు తలుపులు తీయగానే మళ్ళీ ఆ ముసలావిడే. మెడకు అదే పచ్చ స్కార్ఫు. అదే చోట అదే కేక.

విరామంలో మరిసెలా బయటికొస్తే ఆవిడ బెంచీ మీద కూర్చుని వేడినీళ్ళలో తేనె కలుపుకుంటోంది.

"అంత భయమైతే ఎందుకొస్తారు పెద్దమ్మా?"

"పైసా వసూలు కావొద్దూ!" ఆవిడ నవ్వింది. మాట మాత్రం గరుకు కాగితంతో రుద్దినట్టుంది. "నా పేరు ఓపల్. ఎంత బాగా దూకావే పిల్లా!"

"ఏం దూకితే ఏం? క్యూ లేదు. మూసేస్తారట." పక్కకు చూపించింది మరిసెలా. "అందరూ అటే. మీరూ అటే వెళ్ళండి, అరుపులు బాగుంటాయట."

"అక్కడ అరుపులకు కొదవేముంది? లేనిది నీకే."

"గొంతేమైంది మీకు?"

"దానికి సెలవులొస్తున్నాయిలే," అంది ఓపల్, స్కార్ఫు సర్దుకుంటూ.

ఆ మర్నాటి నుంచి ఓపల్ ఒక్కసారితో ఊరుకోలేదు. బయటికెళ్ళి, చుట్టూ తిరిగి, మళ్ళీ వచ్చేది. ప్రతిసారీ కొత్తగా అరిచేది. ఆ కేక చెక్క గోడ దాటి సినిమా క్యూలో పడేది.

"ఆ పక్కదాంట్లో ఏముందిరా బాబూ?"

"ఏమో! చంపేస్తున్నట్టున్నారు. పద పద!"

ముందు నలుగురొచ్చారు. తర్వాత నలభై మంది. వారం తిరిగేసరికి క్యూ పాప్‌కార్న్ బండి దాకా పాకింది.

"పిరికిది పాపం," నవ్వాడు రమీరో. "ఈ వయసులో ఇంత పిచ్చేంటో!"

మరిసెలా కూడా నవ్వింది.

"ఇక మూసే మాటే లేదు," అని కర్టిస్ చెప్పిన రోజు మరిసెలా ఇంటికెళ్ళి పాపను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. అప్పటికే ఓపల్ రావడం మానేసిందన్న సంగతి ఆమెకు తట్టనేలేదు.

హాలోవీన్ రోజుల్లో చివరి సాయంత్రం పచ్చ స్కార్ఫు మళ్ళీ కనబడింది.

మరిసెలాకు ప్రాణం లేచొచ్చింది. ఎన్నడూ దూకనంతగా దూకింది.

ఓపల్ నోరు తెరిచింది. నిండా తెరిచింది.

శబ్దం రాలేదు.

నా దూకడం పాతబడింది కాబోలు, అనుకుంది మరిసెలా. మనసు చివుక్కుమంది.

ఓపల్ వెనక ఒక నడివయసు ఆవిడ ముందుకొచ్చింది. "మా అమ్మ భయపడిందమ్మా, నిజంగానే. గొంతుకు ఆపరేషనైంది. ఇక మాట రాదు."

మరిసెలా కత్తి దించింది.

"గట్టిగా మాట్లాడొద్దని డాక్టరు ముందే చెప్పాడు. వింటేనా! ఎలాగూ పోయే గొంతేగా, ఆ పిల్లకిచ్చేసి పోతానంటూ రోజూ ఇక్కడికే పరుగు."

దెయ్యాలు జనాన్ని ముట్టుకోకూడదు. అది రూలు. మరిసెలా ఓపల్ చేతులు రెండూ పట్టుకుంది.

"పెద్దమ్మా... పిరికివారని నవ్వుకున్నాను."

ఓపల్ ఆమె నెరిసిన విగ్గును మెల్లగా సరిచేసింది. స్కూలుకు పంపే పిల్ల జుట్టు సర్దినట్టు.

అంతలో గోడ అవతల సినిమా కేక మోగింది. వెంటనే జనం ఈలలు, చప్పట్లు.

ఓపల్ కళ్ళు మూసుకుని వింది. చెయ్యి దానంతటదే స్కార్ఫు మీదికి వెళ్ళింది.

"ఆ హీరోయిన్ నోరు మాత్రమే తెరిచిందమ్మా," అంది కూతురు మెల్లగా. "ఆ కేక మా అమ్మది."