ఏడుగురు కావాలి

“ఎంతమంది అయిన్రు?”

గుమ్మంలో నిలబడి శోభారాణి మేడం అడిగిన ఆ ఒక్క మాటకు స్వప్న చేతిలోని మార్కర్ ఆగిపోయింది. బోర్డు మీద వాక్యం సగంలోనే ఉంది.

“ఇరవై మంది వచ్చిన్రు మేడం. ఇద్దరు రాలే.”

“నేనడిగింది పిల్లల సంగతి గాదు.”

అంతమాత్రం అని, చేతిలోని తాళాల గుత్తి ఆడించుకుంటూ మేడం పక్క గదిలోకి వెళ్లింది. అక్కడ టీచరెవరో రాలేదు. ఎవరు రాకపోతే వాళ్ల క్లాసు ఆమే తీసుకుంటుంది.

స్వప్న బోర్డు మీది సగం వాక్యం తుడిచేసింది. తెలిసిపోయింది, ఇంకేముంది! సాయంత్రానికల్లా మంజునాథ్ సార్ చెవిన పడుతుంది. జహీరాబాద్‌లో ఆయన భాషల స్కూలంటే మాటలు కాదు. ఇంగ్లిష్‌కూ జర్మన్‌కూ కోహీర్ నుంచి, న్యాల్‌కల్ నుంచి బస్సులెక్కి వస్తారు. అందులో పాఠాలు చెప్పేవాళ్లు యూనియన్ పెట్టుకుంటున్నారని ఓనరు పెళ్లామే పసిగడితే ఇక దాచేదేముంది?

యూనియన్ కావాలన్న ఆత్రం అందరికంటే స్వప్నకే ఎక్కువ. ఆమెకు మూడో నెల. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పోయినేడు కావ్య ఇట్లాగే కడుపుతో ఉంటే సార్ నవ్వుతూనే ఇంట్లో రెస్టు తీసుకోమన్నాడు. కాన్పయ్యాక తిరిగి వస్తే ఆమె క్లాసులో వేరే మనిషి ఉంది. స్వప్న మొగుడి ఫ్యాక్టరీ పని ఇవాళ ఉంటే రేపు లేదు. ఈ పాఠాలూ పోతే ఇల్లు గడవదు.

మొన్నటికి మొన్న మేడం ఆమె క్లాసులో ఒక స్టూలు తెచ్చి వేసింది. టీచరన్నవాడు నిలబడే చెప్పాలన్నది సార్ రూలు. కూర్చుంటే పాఠం కూడా కూర్చుంటుందట! గోడ మీద కెమెరా ఉండనే ఉంది. కూర్చోబెట్టి పట్టించే ఎత్తని స్వప్న ఆ స్టూలు వైపు కన్నెత్తి చూడలేదు. మర్నాటికి అది కెమెరా కింద, దాని చూపు అందని మూలకు జరిగింది. ఎవరు జరిపారో ఆలోచించే ఓపిక ఆమెకు లేదు.

అసలు మేడం అంటేనే టీచర్లకు ఒళ్లు మంట. మీటింగు పెట్టినప్పుడల్లా సార్‌ది ఒకటే పాట. “మా శోభను చూడుండ్రి. పొద్దుందాక చెప్తది. ఇన్నేండ్ల సంది ఒక్కనాడన్న జీతమని నోరు తెరిచిందా?” అప్పుడు మేడం తల వంచుకుని తాళాలు తిప్పుతూ కూర్చునేది. సొంత దుకాణంలో ఊరికే చేస్తే గొప్పా అని వీళ్లు లోలోపల గొణుక్కునేవాళ్లు.

మధ్యాహ్నం మెట్ల కింద వెస్లీకి స్వప్న సంగతంతా చెప్పింది. జర్మన్ చెప్పే వెస్లీయే ఈ పనికి ముందు నడుస్తున్నాడు. ఫికర్ చేయొద్దన్నాడు గానీ ఆ ఫికరేదో అతని మొహంలోనే కనబడుతోంది. రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు కావాలి. పేర్లిచ్చింది సరిగ్గా ఏడుగురు. రేపు పొద్దున సంగారెడ్డి లేబర్ ఆఫీసులో అందరూ కలిసి నిలబడితే, ఆ తర్వాత సార్ ఎవరినీ ఒంటరిగా పిలిచి సాగనంపలేడు.

“ఒక్కరు తగ్గినా పని గాదు,” అన్నాడు వెస్లీ. “రేపటిదాంక నోరు మెదపకు.”

ఒక్కరు తగ్గనే తగ్గారు. ఆ ఏడుగురిలో ఒకడైన అఖిలేష్ సాయంత్రం సార్ గదిలోంచి బయటికొచ్చి ఎవరి మొహమూ చూడలేదు. కొత్త బ్రాంచికి ఇన్‌ఛార్జి కావాలని ఆర్నెల్లుగా సార్ చుట్టూ తిరుగుతున్నవాడు. ఇవాళ అయ్యాడు. తన పేరు తీసేయమని వెస్లీకి చెప్పి బండెక్కాడు.

ఇదంతా మేడం చాడీలు మోసిన పుణ్యమేనని స్వప్నకు రూఢి అయిపోయింది. కడుపులో తిప్పుతుంటే చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. గేటు దగ్గర మేడం తాళం వేస్తోంది.

“ఇప్పుడెంతమంది?” అని అడిగింది మళ్లీ.

ఇక స్వప్న ఆగలేకపోయింది. “ఆరుగురమే మేడం. పొద్దుగాల ఫస్టు బస్సుకు సంగారెడ్డి పోతున్నం. పోయి సార్‌కు చెప్పుకోండ్రి.”

మేడం గేటు వైపు తిరిగింది. తాళం పడిందో లేదో ఒకసారి లాగి చూసుకుంది.

ఇల్లు చేరాక గానీ స్వప్నకు తెలివి రాలేదు. అయ్యో, బస్సుతో సహా తనే చెప్పేసిందే! అన్నం సహించలేదు. ఫోన్ మోగితే సార్ అనుకుంది, మోగకపోతే రేపే మొహం మీద చెబుతాడనుకుంది. అఖిలేష్ మనసు మార్చుకుని వస్తాడేమో, అందరూ బస్టాండుకు రండని వెస్లీ మెసేజ్ పెట్టాడు.

పొద్దున బస్సులో ఆరుగురూ కూర్చున్నారు. అఖిలేష్ ఫోన్ స్విచ్చాఫ్. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. ఆరుగురితో పోయి లాభం లేదు, దిగుదామని వెస్లీ లేచాడు. సరిగ్గా అప్పుడే బస్సు ముందు ఆటో ఆగింది. శోభారాణి మేడం దిగింది. ఎప్పుడూ చేతిలో ఉండే తాళాల గుత్తి ఇవాళ లేదు. గబగబా బస్సెక్కి నేరుగా స్వప్న సీటు దగ్గరికే వచ్చింది.

స్వప్న లేచి నిలబడింది. “తప్పు నాది మేడం. వీళ్లనేమీ అనొద్దని సార్‌కు చెప్పుండ్రి.”

“కూసో. వట్టి మనిషివి గాదు,” అని మేడం ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది.

“మమ్మల్ని ఆపుతందుకు వచ్చిన్రా మేడం?” వెస్లీ అడిగాడు.

మేడం కండక్టరు వైపు తిరిగి సంగారెడ్డి అంది. ఫ్రీ టికెట్టుకు ఆధార్ కార్డు తీసి చూపించింది. తర్వాత స్వప్న పక్కన సీటు అంచు మీద కూర్చుంది.

“జర జరుగు, ఏడోదాన్ని నేను.”